తల్లీబిడ్డల పటాన్ని చదవడం ఎలా: ముందు చేతులు, ఆఖరున ముఖం

చెన్నైలోని తెలుగిళ్ళలో తల్లీబిడ్డల పటాలు ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి తంజావూరు పద్ధతిలో వేసిన యశోదా కృష్ణులు. రెండోది బాలయేసును ఎత్తుకున్న నిత్య సహాయ మాత. రోజూ దీపమో కొవ్వొత్తో పెట్టి దండం పెట్టుకునే పటాలే. కానీ "ఇందులో ఏముందో చెప్పండి" అంటే చాలామంది "అమ్మ ప్రేమ" అనేసి ఊరుకుంటారు. తప్పు మాట కాదు. కాకపోతే అది ఏ తల్లీబిడ్డల గురించైనా చెప్పగలిగే మాట, ఎదురుగా ఉన్న ఆ పటం గురించి చెప్పిన మాట కాదు.

ఫైన్ ఆర్ట్స్ అసైన్‌మెంట్ రాసేవాళ్ళకీ, పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్ళే టీచర్లకీ, ఇంట్లో పటం మీద ఊరికే ఆసక్తి పుట్టినవాళ్ళకీ పనికొచ్చేలా ఒక పద్ధతి చెబుతాను. ఇందులో నాదంటూ ఒక మొండిపట్టు ఉంది: ముఖాన్ని ఆఖరున చూడాలి. పూజ కోసం వేసిన చిత్రాల్లో ముఖాలు చాలావరకు సంప్రదాయం నిర్ణయించినవి. పెద్ద కళ్ళు, శాంతమైన పెదవులు, మచ్చ లేని ఛాయ. చిత్రకారుడు తాను చెప్పదలుచుకున్నది చేతుల్లో, చూపుల్లో, వెనక పరిచిన బంగారంలో పెడతాడు. ముఖంతో మొదలుపెడితే దండం పెట్టి అక్కడే ఆగిపోతాం.

1. పటాన్ని ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్ళు ఇంట్లో ఉన్న పటంతోనే మొదలుపెట్టండి. గోడ మీంచి దింపొచ్చు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు, వాలుగా పట్టుకుని చూడొచ్చు. మ్యూజియంలో ఇవేవీ కుదరవు.

బయటికి వెళ్ళాలంటే ఎగ్మూర్‌లో పాంథియన్ రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ మ్యూజియం ఉంది. 1851లో మొదలైన ఈ సంస్థ సేకరణలో తంజావూరు పటాలు, రవివర్మ చిత్రాలు రెండూ ఉన్నాయి. అక్కడ చాలా భవనాలున్నాయి, అన్నీ ఎప్పుడూ తెరిచి ఉండవు, కాబట్టి ఏ గ్యాలరీ తెరిచి ఉందో కనుక్కుని వెళ్ళండి. క్రైస్తవ చిత్రం కావాలంటే సెయింట్ థామస్ మౌంట్ కొండ మీద, 1523లో పోర్చుగీసువాళ్ళు కట్టిన చర్చిలో, మేరీమాత బాలయేసును ఎత్తుకున్న చిన్న పాత చిత్రం ఉంది. సువార్త రాసిన లూకాయే స్వయంగా దాన్ని వేశాడని, యేసు శిష్యుడైన తోమా అపొస్తలుడు ఇక్కడికి తెచ్చాడని భక్తుల నమ్మకం. చిత్రం వయసు తేల్చడానికి ఆ కథ ఆధారం కాదు. అంత చిన్న పటాన్ని అంత గౌరవంగా ఎందుకు చూసుకుంటున్నారో మాత్రం ఆ కథ చెబుతుంది, కాబట్టి నోట్సులో "సంప్రదాయం" అని వేరుగా రాసుకోండి. పూజ జరిగేటప్పుడు వెళ్ళి నోట్‌బుక్ తెరవకండి. ఫోటో తీసేముందు అడగండి.

పెన్సిలు, నోట్‌బుక్, ఒక ట్రేసింగ్ పేపరు ఉంటే చాలు.

2. వేలు పెట్టి చూపగలిగేది మాత్రమే రాయండి

మొదటి పది నిమిషాలు ఒకే నియమం. వేలు పెట్టి చూపించలేని మాట కాగితం మీదికి రాకూడదు. "కరుణ" అని రాస్తే, అది ఎక్కడుందో చూపించగలరా? లేదు. "తల్లి తల బిడ్డ వైపు వాలి ఉంది" అంటే చూపించొచ్చు. అది రాయండి.

నిత్య సహాయ మాత పటాన్ని తీసుకుంటే జాబితా ఇలా వస్తుంది. వెనక అంతా బంగారు రంగు. తల్లికి ముదురు నీలం పైవస్త్రం, లోపల ఎర్రటి అంగీ. నుదుటి మీద వస్త్రంపై నక్షత్రం. బిడ్డ తల్లి ఎడమ చేతి మీద ఉన్నాడు, అంటే మనకు కుడి వైపు. పైన రెండు పక్కలా చిన్నగా ఇద్దరు దేవదూతలు, వాళ్ళ చేతుల్లో వస్తువులు. అక్కడక్కడ గ్రీకు అక్షరాలు. బిడ్డ ఒక కాలి చెప్పు ఊడి వేలాడుతోంది.

ఆ చెప్పు చాలామంది కంట పడదు. పెరంబూర్‌లో మా పక్కింటి పెద్దావిడకి మాత్రం ఆ పటంలో మొదట గుర్తొచ్చేది అదే. "చూడమ్మా, పిల్లాడు దేన్నో చూసి జడుసుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు, చెప్పు ఊడింది కూడా చూసుకోలేదు" అనేది. కళా చరిత్ర పుస్తకాలు ఈ చెప్పుకి ఇంకా వేరే అర్థాలు కూడా చెబుతాయి గానీ, పటంలో కనిపించే దానికి అందరికంటే దగ్గరగా ఉన్న వివరణ ఆవిడదే అని నా అభిప్రాయం.

ఎడమ, కుడి విషయంలో జాగ్రత్త. "మనకు కుడి" అంటున్నారా, "తల్లికి కుడి" అంటున్నారా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చుకుని చివరిదాకా అదే పాటించండి. విద్యార్థుల వ్యాసాల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

3. పటం దేంతో చేశారు?

తంజావూరు పటమైతే ఈ మెట్టు దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. ఎందుకంటే అది రంగులతో వేసిన బొమ్మ ఎంతో, చెక్క మీద కట్టిన వస్తువు కూడా అంతే. పాత పద్ధతిలో పనస చెక్క పలక మీద గుడ్డ అంటిస్తారు. దాని మీద సుద్దపొడి, జిగురు కలిపిన పూత పొరలు పొరలుగా వేసి నున్నగా రుద్దుతారు. బొమ్మ గీశాక నగలు, స్తంభాలు, తోరణం ఉన్న చోట్ల ఆ సుద్ద ముద్దనే ఉబ్బెత్తుగా పెట్టి, గాజు రాళ్ళు పొదిగి, పైన బంగారు రేకు అతికిస్తారు. ఒళ్ళు, బట్టలు, నేపథ్యం రంగులు ఆ తర్వాత. ముఖాలు, కళ్ళు చివర్లో దిద్దుతారు. ఇప్పుడు చాలాచోట్ల పనస చెక్క బదులు ప్లైవుడ్, ఆకు రంగుల బదులు డబ్బా రంగులు వచ్చాయి.

ఈ కళతో తెలుగువాళ్ళకి చుట్టరికం ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం చెదిరిపోయినప్పుడు చిత్రకారుల కుటుంబాలు దక్షిణానికి, నాయక రాజుల తంజావూరుకి వలస వెళ్ళాయి. తంజావూరు, తిరుచ్చి వైపు రాజుల కులంవాళ్ళు, మదురై వైపు నాయుళ్ళు ఈ పని చేసేవాళ్ళు. తెలుగు మూలాలున్న కుటుంబాలు. తర్వాత మరాఠా రాజుల కాలంలో, ముఖ్యంగా 1798 నుంచి 1832 వరకు ఏలిన రెండో సర్ఫోజీ ఆదరణలో, మనం ఇవాళ చూసే రూపం బాగా స్థిరపడింది.

ఇప్పుడు చూసే పద్ధతి. పటాన్ని కిటికీ దగ్గర వాలుగా పట్టుకోండి. వెలుతురు పక్క నుంచి పడినప్పుడు ఉబ్బెత్తు పని నీడలు వేస్తుంది. ఏది ఉబ్బెత్తుగా ఉంది, ఏది చదునుగా ఉందో రాసుకోండి. మామూలుగా తేలేది ఏమిటంటే: నగలు, కిరీటం, తోరణం, వెన్నకుండ బయటికి పొడుచుకొస్తాయి, తల్లి ఒళ్ళు, బిడ్డ ఒళ్ళు మెత్తటి రంగుతో చదునుగా ఉంటాయి. బంగారమూ రాళ్ళూ దీపం వెలుగుకి మెరిసేవి, ఒళ్ళు వెలుగుని పీల్చుకునేది. విద్యుత్తు లేని పూజగదిలో ఈ పటం ఎలా కనిపించి ఉంటుందో ఊహించాలంటే, ట్యూబ్‌లైటు ఆపేసి ఒక్క దీపంతో చూడండి. బంగారం ఎందుకంత పెట్టారో అప్పుడు అర్థమవుతుంది.

నిత్య సహాయ మాతలో బంగారం చేసే పని వేరు. అక్కడ ఆకాశం లేదు, గోడ లేదు, కుర్చీ లేదు. బంగారం తప్ప మరేమీ లేకపోవడంతో ఆ తల్లి ఏ ఊళ్ళో, ఏ పూట ఉందో చెప్పలేం. క్రీట్ దీవి శైలిలో చెక్క మీద వేసిన ఆ మూల చిత్రం ఇప్పుడు రోమ్‌లో ఉంది. 1866లో తొమ్మిదో పయస్ పోపు దాన్ని రెడెంప్టరిస్టు గురువులకు అప్పగించాక ప్రతులు ప్రపంచమంతా పాకాయి. మనింట్లో ఉన్నది ప్రింటే కాబట్టి బంగారం మెరవదు, పసుపు రంగులా కనిపిస్తుంది. ఆ తేడా నోట్సులో రాయండి. ఇద్దరి తలల మీదా రాళ్ళ కిరీటాలున్న ప్రింటు అయితే, అవి మూల చిత్రంలో వేసినవి కావు, 1867లో గౌరవంగా చేర్చినవి.

4. ట్రేసింగ్ పేపరు మీద గీతలు

ఫోటో మీద ట్రేసింగ్ పేపరు పెట్టి బొమ్మల బయటి గీత మాత్రం గీయండి. కళ్ళు, ముక్కులు వద్దు. కాగితం తీసి చూస్తే ఆకారం ఒక్కటే మిగులుతుంది. ఇటలీ చిత్రకారుడు రాఫెల్ 1505-06 ప్రాంతంలో పచ్చిక మీద కూర్చోబెట్టి వేసిన మేరీమాత చిత్రాల్లో ఇది స్పష్టమైన త్రిభుజం: పైన తల్లి తల, కింద పరుచుకున్న వస్త్రం. నిత్య సహాయ మాతలో నీలపు వస్త్రం పెద్ద ముద్దగా నిలబడుతుంది, బిడ్డ దాదాపు దాని లోపలే ఇమిడిపోతాడు. తంజావూరు పటంలో బొమ్మల చుట్టూ ఇంకో చట్రం ఉంటుంది: రెండు స్తంభాలు, పైన తోరణం, పక్కకు లాగి కట్టిన తెర. గుడి గర్భాలయం ముందు తెర తీసినప్పటి ఏర్పాటు అది.

తర్వాత కొలతలు. తల్లి తల ఎంత, బిడ్డ తల ఎంత, పక్కన నిలబడ్డ గోపికలు ఎంత? తంజావూరు బాలకృష్ణుడు పసివాడి పోలికలో ఉంటాడు గానీ పసివాడి సైజులో ఉండడు. బొద్దుగా, పటంలో పెద్ద భాగం తానే ఆక్రమిస్తాడు. గోపికలు పెద్దవాళ్ళే, అయినా వాడికంటే చిన్నగా ఉంటారు. దూరంలో ఉన్నారని కాదు, ప్రాధాన్యం తక్కువని. ఇది తెలియక "చిత్రకారుడికి కొలతలు రావు" అని రాసేవాళ్ళున్నారు.

5. చేతులు

ఇక అసలు సంగతి. నాలుగు చేతులూ విడివిడిగా రాయండి: తల్లి కుడి, తల్లి ఎడమ, బిడ్డ కుడి, బిడ్డ ఎడమ. ఒక్కో దానికి మూడు ప్రశ్నలు. అది దేన్ని తాకుతోంది? ఎంత బలంగా? వేళ్ళు ఎటు చూపుతున్నాయి?

నిత్య సహాయ మాతలో తల్లి ఎడమ చెయ్యి బిడ్డను మోస్తోంది. కుడి చెయ్యి ఛాతీ ముందు తెరుచుకుని ఉంది. బిడ్డ రెండు చేతులూ ఆ ఒక్క అరచేతిలో ఉన్నాయి. పట్టుకున్నది బిడ్డ, తల్లి కాదు. ఆవిడ వేళ్ళు మూసుకుని బిగించలేదు. వాడు పట్టుకోవడానికి చెయ్యి ఇచ్చింది, అంతే. అదే సమయంలో ఆ పొడవాటి వేళ్ళు బిడ్డ వైపే చూపుతున్నాయి. తూర్పు క్రైస్తవ సంప్రదాయంలో "దారి ఇతడే" అన్నట్టు తల్లి చేత్తో బిడ్డను చూపే చిత్రాల వరుస ఒకటుంది. తల్లీబిడ్డల చెంపలు ఆనించి వేసే వరుస ఇంకొకటి. ఈ చిత్రంలో చెయ్యి మొదటి వరుసది, కానీ ఆ చేతికే భయపడ్డ పిల్లాడు వేలాడుతున్నాడు. చూపించడం, ఊరడించడం రెండూ ఒకే చేత్తో జరుగుతున్నాయి. ఈ చిత్రం గురించి ఒక్క వాక్యమే రాయమంటే నేను ఇదే రాస్తాను.

దేవదూతల చేతులు కూడా చూడండి. వాళ్ళు వస్తువుల్ని వట్టి చేతుల్తో పట్టుకోలేదు, చేతుల మీద గుడ్డ కప్పుకున్నారు. పవిత్రమైన వాటిని అలా పట్టుకోవడం ఆ సంప్రదాయంలో మర్యాద. మనకు ఎడమన మిఖాయేలు దగ్గర ఈటె, స్పంజి. కుడిన గబ్రియేలు దగ్గర సిలువ, మేకులు. యేసును సిలువ వేసేటప్పుడు వాడబోయే సామగ్రి అక్కడే ఉంది.

యశోదా కృష్ణుల దగ్గరికి వస్తే లెక్క తారుమారు. బిడ్డ చేతులు తల్లిని పట్టుకోవు. ఒక చెయ్యి వెన్నకుండలోనో, దాని అంచు మీదో. రెండో చేతిలో వెన్నముద్ద. తల్లి చెయ్యి వాడి నడుము చుట్టూనో, వీపు మీదో. అంటే ఇక్కడ పట్టుకున్నది తల్లి. వాడికి ఆ పట్టు అక్కర్లేదు, కావలసింది వెన్న. పటానికీ పటానికీ ఇవి మారతాయి కాబట్టి మీ ఎదురుగా ఉన్నదాన్నే నమ్మండి. తల్లి గడ్డం పట్టుకుని బుజ్జగిస్తున్నా, వేలు చూపి బెదిరిస్తున్నా కథ మారిపోతుంది.

6. ఎవరు ఎవర్ని చూస్తున్నారు

కళ్ళ నుంచి బాణం గుర్తులు గీయండి. నిత్య సహాయ మాత మనల్ని చూస్తోంది. బిడ్డ తల తిప్పి సిలువ ఉన్న వైపుకి చూస్తున్నాడు. తల్లీ బిడ్డను చూడదు, బిడ్డా తల్లిని చూడడు. ఇద్దర్నీ కలిపేది ఆ చేతులు మాత్రమే. అందుకే చేతులు ముందు చూడమన్నాను.

తంజావూరు పటాల్లో తరచుగా కృష్ణుడు మన వైపు తిరిగి ఉంటాడు. గుళ్ళో దర్శనానికి అలవాటైన కళ్ళకి ఇది వింతగా అనిపించదు, అందుకే గమనించం. వెన్న తింటూ దొరికిపోయిన పిల్లాడు అమ్మను చూడాలి కదా, మనల్ని ఎందుకు చూస్తున్నాడు? ఆ ప్రశ్న రాసుకోండి. జవాబు మీదే.

7. రంగులు, నీడలు

రంగుల దగ్గర తొందరపడి అర్థాలు అంటగట్టకండి. "ఎరుపు అంటే శక్తి, నీలం అంటే శాంతి" లాంటి పట్టికలు నెట్‌లో దొరుకుతాయి, వాటిని పక్కన పెట్టండి. ముందు ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఐరోపా చిత్రాల్లో మేరీమాత నీలపు వస్త్రానికి వాడిన మేలు రకం రంగు, ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల లాజవర్దు రాయిని నూరి తీసినది. చాలా ఖరీదు. అంత ఖరీదైన రంగు ఎవరికి తొడిగారన్నదే ఒక గౌరవం. తూర్పు చిత్రాల్లో పైవస్త్రం మామూలుగా ముదురు ఎరుపు, లోపలిది నీలం. నిత్య సహాయ మాతలో అది తిరగబడి ఉంది.

మన దగ్గర నల్లనయ్యని నీలంగా వేయడం అలవాటే అయినా, తంజావూరు పటాల్లో తెల్లగా, లేత గులాబీ ఛాయలో ఉన్న బాలకృష్ణుడు కూడా కనిపిస్తాడు. చుట్టూ చదునైన ఎరుపు, పచ్చ, నీలం ఉన్నప్పుడు మధ్యలో తెల్లటి ఒళ్ళు ఎలా తేలుతుందో చూడండి.

ప్రింటు అయితే ఒక హెచ్చరిక. చెన్నై ఎండ తగిలే గోడ మీద ఏళ్ళ తరబడి ఉన్న ప్రింట్లలో ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నీలం మిగులుతుంది. వెలిసిన క్యాలెండరు చూసి "చిత్రకారుడు చల్లని రంగులు ఎంచుకున్నాడు" అని రాయకండి.

నీడలకు ఒక్క పరీక్ష చాలు: వెలుతురు ఏ పక్క నుంచి వస్తోంది? తంజావూరు పటంలోనూ, నిత్య సహాయ మాతలోనూ జవాబు ఉండదు. రవివర్మ (1848–1906) నూనె రంగుల చిత్రంలో ఉంటుంది. ఒక చెంప వెలుగు, ఒక చెంప నీడ, నేల మీద పడే నీడ. ఆయన 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి ఇలాంటి దేవతలు ఇంటింటికీ చేరారు. జనం ఆ ప్రింట్ల మీద మళ్ళీ జరీ గుడ్డ, చమ్కీలు అతికించుకున్నారు. నీడలు బాగానే ఉన్నాయి గానీ మెరుపు లేనిదే దేవుడి పటంలా అనిపించలేదేమో!

8. గుర్తులు, కథ

ఇప్పుడు మాత్రమే కథ తీయండి. మన్ను తిన్న కృష్ణుడా, వెన్న దొంగా, రోటికి కట్టిన దామోదరుడా? భాగవతం దశమస్కంధంలో ఇవి వేర్వేరు ఘట్టాలు, ఒక్కో దానికీ పటంలో సాక్ష్యం కావాలి. తాడు లేకుండా దామోదరుడు లేడు. క్రైస్తవ చిత్రాల్లో బిడ్డ చేతిలో దానిమ్మో, చిన్న పిట్టో ఉంటే అవి రాబోయే శ్రమలకు గుర్తులుగా వాడుకలో ఉన్నాయి. కానీ పటంలో ఉన్న ప్రతి పువ్వుకీ రహస్యం ఉండాలని లేదు. ఖాళీ నింపడానికి వేసిన పువ్వులూ ఉంటాయి. సంప్రదాయంలో మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్నే గుర్తు అనండి.

9. ముఖం, ఆపైన రాత

ఇంత అయ్యాక ముఖం చూడండి. అప్పుడు "విచారంగా ఉంది" అని రాసినా దానికి ఆధారాలు మీ దగ్గర ఉంటాయి. రాత ఇలా ఉండొచ్చు:

"బంగారు నేపథ్యం తప్ప ఏ చోటూ లేని ఈ పటంలో తల్లి మనల్ని చూస్తుంది, బిడ్డ సిలువ వైపు చూస్తాడు. ఒకరినొకరు చూసుకోని ఆ ఇద్దర్నీ కలిపేది తల్లి తెరిచిన కుడి అరచెయ్యి. బిడ్డ దాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. వాడి చెప్పు ఊడి వేలాడుతోంది. తల్లి ముఖంలోని విచారం వాడి భయాన్ని పోగొట్టేది కాదు, దాని కారణం ముందే తెలిసినది."

చివరి వాక్యం ఒక్కటే అభిప్రాయం. మిగతావన్నీ వేలు పెట్టి చూపగలిగేవి. ఆ నిష్పత్తి చెడకుండా చూసుకోండి.

చేయి తిరిగాక మైలాపూర్ వైపు బొమ్మల దుకాణాలు తిరగండి. తంజావూరు పద్ధతిలోనే, బంగారు రేకుతో, రాళ్ళతో చేసిన మేరీమాత, బాలయేసు పటాలు ఇప్పుడు చేస్తున్నారు. అలాంటిది దొరికితే ఇదే వరుసలో చూసి, చేతులు ఏ సంప్రదాయం నుంచి వచ్చాయో, తోరణం ఎక్కణ్ణుంచి వచ్చిందో విడదీసి రాయండి.

రాసింది సరిపోయిందో లేదో తెలియాలంటే, పటం చూడని మనిషికి చదివి వినిపించి, విన్నది విన్నట్టు బొమ్మ గీయమనండి. గీతలు బాగుండక్కర్లేదు. ఎక్కడ ఆగి "ఈ చెయ్యి ఎటు ఉంది?" అని అడుగుతారో అక్కడ మీ వాక్యం తిరగరాయాలి. ఎక్కువగా బిడ్డ కాళ్ళ దగ్గర అడుగుతారు, వాటి గురించి రాయడం అందరూ మర్చిపోతారు కాబట్టి.